కీ అడగనే లేదు!

మూడు రోజులుగా ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే లోగో దగ్గరే చుక్కలు గిరగిరా తిరుగుతున్నాయి. హార్డ్ డిస్క్ పోయింది. దాని బదులు కొత్త ఎస్‌ఎస్‌డీ నేనే బిగించా. ఇక విండోస్ మళ్లీ ఎక్కించాలి. "క్రాక్ వెర్షన్ వేసెయ్‌రా, చిటికెలో పని" అన్నాడు ఫ్రెండు. ఎవడో కెలికిన విండోస్‌లో నా బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టాలా? వద్దులే అనుకున్నా.

అసలు సంగతేంటంటే, డిస్క్ పోతే విండోస్ లైసెన్స్ పోదట! విండోస్ 8 కాలం నుంచి, విండోస్‌తోనే వచ్చే ల్యాప్‌టాప్‌లలో మామూలుగా ఆ లైసెన్స్ తాలూకు 25 అక్షరాల కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే, అంటే బోర్డు చిప్‌లో ఉండే ప్రోగ్రామ్‌లోనే ఉంటుంది. ఇది తెలియక స్టిక్కర్ కోసం టార్చ్ వేసుకుని మరీ అడుగంతా వెతికా.

వేరే కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, దాంతో విండోస్ ఇన్‌స్టాలర్‌ని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించా. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయని ముందే చెప్పింది. నేనే చదవకుండా 'నెక్స్ట్' నొక్కేశా. పాత ఫొటోలు హుష్‌కాకి.

ల్యాప్‌టాప్‌ని పెన్‌డ్రైవ్ నుంచి ఆన్ చేయించే బూట్ మెనూ కోసం ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్... దొరికిందల్లా టపటపా నొక్కా. చివరికి విండోస్ ఎక్కింది. కీ అడగలేదు, నాది హోమ్ ఎడిషన్ అని తనే పట్టుకుంది. వైఫై కలిపి సెట్టింగ్స్‌లో చూస్తే 'యాక్టివ్' అని ఉంది.

ఇప్పుడు ఆ ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో అడగాలి.