వెనిస్‌కి వెళ్తున్నారా? చక్రాల సూట్‌కేసు ఇంట్లో వదిలేయండి

వెనిస్ అంటే 118 చిన్న దీవులు, వాటిని కలిపే నాలుగు వందల పైచిలుకు వంతెనలు. కింద పడవ దూరాలి కాబట్టి దాదాపు ప్రతి వంతెనా వీపు ఎత్తి ఉంటుంది. ఎక్కడానికీ మెట్లే, దిగడానికీ మెట్లే. విమానం లెక్కలో సర్దిన 23 కిలోల పెట్టెను స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డు చౌకు శాన్ మార్కో దాకా ఈడ్చుకెళ్దామనుకున్నవాళ్లకు మూడో వంతెన దగ్గరే చేతులు పడిపోతాయి. రెండు రాత్రుల ప్రయాణానికి మనిషికో వీపు సంచి చాలు. పెద్ద పెట్టె తప్పదంటే స్టేషన్‌లోనే లగేజీ గది ఉంది, అక్కడ పెట్టేసి నడవండి.

మొదటి పొరపాటు స్టేషన్ పేరు దగ్గరే జరుగుతుంది. టికెట్ మీద 'వెనెత్సియా మెస్త్రె' అని ఉంటే అది నేల మీది ఊరు. దీవుల మీది స్టేషన్ 'వెనెత్సియా సాంతా లుచీయా', మెస్త్రె దాటాక ఇంకో పది, పన్నెండు నిమిషాలు. ఆ రెంటికీ నడుమ 1846 నాటి రైలు వంతెన, దాని పక్కనే 1933లో తెరిచిన రోడ్డు వంతెన. బస్సైనా కారైనా పియాత్సాలె రోమా దాకానే. ఆ తర్వాత సైకిల్ తొక్కినా జరిమానాయే. జర్మనీ నుంచి రాత్రి బస్సులో వచ్చేవాళ్లను కొన్నిసార్లు త్రొంకెట్టో అనే పార్కింగ్ దీవిలో దింపుతారు. అక్కడి నుంచి పియాత్సాలె రోమాకి ఒకటిన్నర యూరోకి 'పీపుల్ మూవర్' అనే బుల్లి రైలుంది. చవక విమానం టికెట్‌లో 'వెనిస్' అని ఉన్నా, అది త్రెవీజో విమానాశ్రయమేమో చూసుకోండి. అక్కడి నుంచి బస్సులో గంట వేసుకోవాలి. మార్కో పోలో విమానాశ్రయం నుంచైతే పది యూరోల బస్సు, పాతిక నిమిషాలు. (ఈ వ్యాసంలోని ధరలన్నీ 2025 నాటివి.)

ఇక బస. మిత్రబృందంలో ఒకరు తప్పకుండా "మెస్త్రెలో చవక కదా" అంటారు. చవకే. కానీ పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఊరు ఒకరోజు యాత్రికులతో కిక్కిరిసి ఉంటుంది. చూడదగ్గ వెనిస్ తొమ్మిదికి ముందు, ఏడు తర్వాత ఉంటుంది. మెస్త్రెలో దిగినవాళ్లు సరిగ్గా ఆ రెండు వేళల్లోనే రైల్లో ఉంటారు. గది చిన్నదైనా కన్నారేజో వాడలోనో, దోర్సొదూరోలోనో లోపలే తీసుకోవడం మేలు. తప్పదంటే మెస్త్రె స్టేషన్‌కి నడిచేంత దూరంలో చూసుకుని, రాత్రి చివరి రైలు సమయం ముందే రాసిపెట్టుకోండి.

ఊళ్లోకి ప్రవేశ రుసుము 2024 ఏప్రిల్ 25న మొదలైంది. అన్ని రోజులూ ఉండదు. 2025లో ఏప్రిల్ నుంచి జూలై దాకా ఎంచిన 54 రోజులకు, ఎక్కువగా శుక్రవారం నుంచి ఆదివారం వరకు, పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు మధ్య వచ్చేవాళ్లకు పెట్టారు. నాలుగు రోజుల ముందే కడితే 5 యూరోలు, ఆలస్యమైతే 10. ఊళ్లో రాత్రి బస చేసేవాళ్లకు మినహాయింపు ఉంది. మెస్త్రె కూడా వెనిస్ పురపాలికలోనిదే కాబట్టి అక్కడ బస చేసినా మినహాయింపే. అయితే మినహాయింపు ఉందని ఊరుకుంటే కుదరదు. నగరపాలక సైట్లో నమోదు చేసుకుని క్యూఆర్ కోడ్ తీసుకోవాలి. అది లేక పట్టుబడితే జరిమానా 50 యూరోల నుంచి మొదలవుతుంది. పక్క ఊరు పాదువాలో బస చేసి వచ్చేవాళ్లు మాత్రం కట్టాల్సిందే.

వాపొరెత్తో అంటే ఇక్కడి సిటీ బస్సు, నీటి మీద. ఒక్క టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. ఆ సమయంలో ముందుకు వెళ్తూ పడవలు మారవచ్చు గానీ వెనక్కి తిరిగి రావడానికి పనికిరాదు. 24 గంటల టికెట్ 25, 48 గంటలది 35, 72 గంటలది 45. అంటే మూడుసార్లు ఎక్కితే ఒక రోజు టికెట్ గిట్టుబాటు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. 24 గంటలు లెక్కించేది తేదీని బట్టి కాదు, మొదటిసారి రేవు దగ్గర మెషీన్‌కి తాకించిన క్షణం నుంచి. మొదటి రోజు మధ్యాహ్నం రెండింటికి మొదలెడితే, ఆ సాయంత్రం ఊరి మధ్యనున్న పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్, మర్నాడు పొద్దున బురానో దీవి, రెండూ అదే టికెట్‌లో వస్తాయి. ఆపై ఊళ్లో కాలినడకే. 29 ఏళ్లు దాటనివాళ్లకు ఇంకా మంచి దారి: 'రోలింగ్ వెనిస్' కార్డు 6 యూరోలు, దాని మీద 72 గంటల టికెట్ 27. మొత్తం 33, మామూలు రెండు రోజుల టికెట్ కన్నా తక్కువ. వయసు చూపడానికి పాస్‌పోర్టు దగ్గర ఉండాలి. ఎక్కే ప్రతిసారీ టికెట్ తాకించాలి. జేబులో చెల్లే టికెట్ ఉన్నా తాకించకపోతే తనిఖీలో తప్పే.

పెద్ద రేవుల్లో ఒక్కో దిక్కుకి ఒక్కో తేలే ప్లాట్‌ఫాం ఉంటుంది, వాటికి అక్షరాలు ఉంటాయి. చిన్న రేవుల్లో రెండు వైపులకూ ఒకటే. కాబట్టి పడవ నంబరు ఒక్కటే చూసి ఎక్కితే ఎదురు దిక్కుకి పోతారు. 4.1, 4.2 ఊరి చుట్టూ తిరిగేవే, కానీ ఒకదానికొకటి ఎదురుగా. 1వ నంబరు గ్రాండ్ కెనాల్ పొడవునా దాదాపు ప్రతి రేవులోనూ ఆగుతుంది. పియాత్సాలె రోమా నుంచి శాన్ మార్కోకి ముప్పావుగంట. స్టేషన్ రేవులో కాక దానికి ముందరి పియాత్సాలె రోమాలో ఎక్కితే బయట కూర్చోవడానికి చోటు దొరికే అవకాశం ఎక్కువ. ఎక్కగానే వీపు సంచి తీసి కాళ్ల దగ్గర పెట్టుకోండి. మర్యాద మాత్రమే కాదు, నియమం కూడా.

చిరునామాల సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, బృందాలు విడిపోయేది ఇక్కడే. ఊరు ఆరు వాడలు: శాన్ మార్కో, కస్తెల్లో, కన్నారేజో, దోర్సొదూరో, శాన్ పోలో, సాంతా క్రోచె. ఇంటి నంబర్లు వీధిని బట్టి కాదు, వాడంతటికీ ఒకే వరస. కస్తెల్లోలో అది ఆరు వేలు దాటుతుంది. 'కస్తెల్లో 4312' అని హోటల్ పంపితే ఆ అంకెతో ఏమీ తేలదు. వీధి పేరు, దగ్గరి రేవు పేరు, ఏ వంతెన దాటాక అన్నది అడిగి పుచ్చుకోండి. ఇరుకు సందుల్లో ఫోన్‌లోని నీలం చుక్క పక్క కాలువ అవతలికి దూకుతుంది. అవతలికి వంతెన లేకపోతే చుట్టు తిరగడానికి పది నిమిషాలు. గోడల మీది 'పెర్ రియాల్తో', 'పెర్ శాన్ మార్కో' (రియాల్తో వంతెన వైపు, శాన్ మార్కో వైపు) పసుపు బోర్డులే నమ్మకమైనవి. 'కాల్లె' అంటే సందు, 'ఫొందమెంత' కాలువ గట్టు మీది బాట, 'రియో' కాలువ, 'రియో తెరా' పూడ్చేసిన కాలువ, 'కాంపో' నలుగురు కూడే చౌకు, 'సోతోపోర్తెగో' ఇంటి కింద నుంచి దూరిపోయే దారి. 'పియాత్సా' ఊరంతటికీ ఒక్కటే, శాన్ మార్కో.

వీధి పేర్లు గోడ మీద తెల్ల సున్నం పూసి, నల్ల గీత గీసి రాస్తారు. వాటిలో ఎక్కువగా ఉండేది వెనిస్ మాట, ఇటాలియన్ కాదు. మ్యాప్‌లో 'సాంతి జొవాన్ని ఎ పావొలో' అన్న గుడి ఊరివాళ్ల నోట 'శాన్ జానిపోలో'. తెలుగు, ఇటాలియన్ రెండూ అజంతాలని, యాత్రికుడు నికోలో కాంటి మన భాషకు 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అని పేరు పెట్టాడని మనం చిన్నప్పటి నుంచీ వింటాం. ఆ కాంటి ఈ ఉప్పునీటి కయ్యకు దక్షిణపు కొసనున్న కియోజ్జా వాడు. తమాషా ఏమిటంటే, ఈ ప్రాంతపు మాటే చివరి అచ్చును మింగేస్తుంది: 'కాంపియెల్లో' ఇక్కడ 'కాంపియెల్'.

చిరునామా వెతకడం నేర్చుకోవాలంటే రియాల్తో దగ్గర 'కోర్తె సెకొండా దెల్ మిలియోన్' కనిపెట్టండి. మార్కో పోలో కుటుంబం ఇళ్లు అక్కడే ఉండేవి. 'ముత్‌ఫిలి' అని ఆయన చెప్పిన రాజ్యపు రేవు మన మోటుపల్లి. అక్కడి వివేకవతియైన రాణి, వజ్రాలు, సాలెగూడంత సన్నని బట్టలు అన్నీ వర్ణించాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. బాపట్ల తీరంలో ఒక కొసను పట్టుకున్న దారం రెండో కొస ఈ సందులో ఉందన్నమాట.

గొండోలా దగ్గరికి వద్దాం. 2023 నవంబర్ నుంచి ప్రభుత్వ ధర పగలు 30 నిమిషాలకు 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 35 నిమిషాలకు 110. ఇది పడవకు, మనిషికి కాదు. ఐదుగురి దాకా ఎక్కవచ్చు. అంటే ఐదుగురైతే తలా 18, ఆరుగురైతే రెండు పడవలు. బృందాన్ని ఐదుకి ఆపడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు. ఎక్కేముందే ధర, నిమిషాలు, దారి మాట్లాడుకోండి. పాట, సంగీతం వేరే ఖర్చు. శాన్ మార్కో ముందరి విశాలమైన నీటిలో ఎక్కకండి. మోటారు పడవల అలలకు ఊగిపోవడం తప్ప చూసేదేమీ ఉండదు. శాన్ పోలో, కస్తెల్లో లోపలి కాలువల దగ్గర ఎక్కితే నీళ్ల చప్పుడు వినబడుతుంది.

చాలామంది దాన్ని గెడ వేసి తోస్తారనుకుంటారు. గెడ కాదు, తెడ్డు. ఒకే తెడ్డు, అదీ కుడివైపు. పడవ దాదాపు 11 మీటర్ల పొడవు, 1.4 మీటర్ల వెడల్పు. కుడివైపు తెడ్డేస్తే ముక్కు ఎడమకు తిరగాలి కదా? తిరగకుండా పడవనే వంకరగా కడతారు. ఎడమ పక్క కుడి పక్క కన్నా 24 సెంటీమీటర్లు వెడల్పు. ఖాళీగా ఉన్నప్పుడు కుడికి ఒరిగి ఉండేది అందుకే. తెడ్డును ఆనించే కొయ్య 'ఫోర్కొలా', వాల్‌నట్ చెక్కలో చెక్కిన వంపుల ముక్క. ఏ వంపులో తెడ్డు పెడితే ఆ పని: నెమ్మదిగా సాగడం, వేగం, మలుపు, వెనక్కి రావడం. ఇంత కొలతతో నిలిచే పడవలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో పడవవాడే చెబుతాడు. మధ్యలో సెల్ఫీ కోసం లేచి చోటు మారితే అందరి బట్టలూ తడుస్తాయి.

90 యూరోలు దండగ అనిపిస్తే 'త్రగెత్తో' ఉంది. గ్రాండ్ కెనాల్‌ని అడ్డంగా దాటించే సాదా గొండోలా, మనిషికి 2 యూరోలు, చిల్లర చేతిలో ఉండాలి. రియాల్తో చేపల బజారు ఎదుట సాంతా సోఫియా రేవులో చూడండి. ప్రయాణం రెండు మూడు నిమిషాలే. బజారు మంగళవారం నుంచి శనివారం దాకా, అదీ పొద్దుటి పూటే.

అక్టోబర్ నుంచి జనవరి దాకా వెళ్తే పోటు లెక్క తెలియాలి. అమావాస్య, పున్నమి పోట్లకు దక్షిణపు గాలి తోడైతే నీరు ఊళ్లోకి వస్తుంది. '110 సెంటీమీటర్లు' అని వింటే నడుం లోతు అనుకుని భయపడకండి. అది 1897లో పెట్టుకున్న సున్నా గుర్తు నుంచి కొలత. శాన్ మార్కో చౌకు దాదాపు 80 దగ్గరే తడుస్తుంది కాబట్టి, అక్కడ 110 అంటే పిక్కల లోతు. 2020 అక్టోబర్ 3 నుంచి మోజె గేట్లు పనిచేస్తున్నాయి. సముద్రం వచ్చే మూడు ముఖాల దగ్గర 78 గేట్లు, 110 దాటే పోటుకు లేస్తాయి. దాంతో 1966లో 194, 2019లో 187 వచ్చినలాంటి ముంపు ఇప్పుడు ఆగుతోంది గానీ, 80కీ 110కీ మధ్య చౌకు తడవడం మామూలే. మూడు నాలుగు గంటలాగితే ఆటు వస్తుంది, నీరు దిగిపోతుంది. ఆ వేళకు మరో వాడలో ఉండేలా చూసుకోండి. దారిలో అమ్మే ప్లాస్టిక్ తొడుగులు ఒక్క పూటకే చిరుగుతాయి.

తిండిలో శాకాహారులకు మూడు ఉచ్చులున్నాయి. రొట్టె మీద వెన్నలా తెల్లగా రాసిచ్చే 'బక్కలా మంతెకాతో' ఎండు చేప. ఉల్లిపాయల పాస్తాలా కనిపించే 'బిగొలి ఇన్ సల్సా'లో ఆంచొవీ చేప కరిగి ఉంటుంది, ముక్క కంటబడదు. బఠాణీ అన్నంలాంటి 'రిజి ఎ బిజి'లో తరచు పంది మాంసం ముక్కలు పడతాయి. "సెంత్సా కార్నె, సెంత్సా పేషె, సెంత్సా అచ్చూగె" (మాంసం, చేప, ఆంచొవీ వద్దు) అని మూడూ విడివిడిగా చెప్పండి. మొక్కజొన్న సంకటిలాంటి 'పొలెంత' దొరికితే అడ్డులేదు. చేప తినేవాళ్లు మెనూలో 'ఎత్తో' అన్న మాట చూడాలి. అంటే ధర వంద గ్రాములకు. 8 అని రాసి ఉన్న చేప 600 గ్రాములు తూగితే బిల్లు 48. చిన్న 'బాకరో' దుకాణాల్లో నిలబడి తింటే చవక. కూర్చుంటే బల్ల ఖర్చు వేరు. సీసాలో నీళ్లు కొనకండి, చౌకుల్లోని కొళాయి నీళ్లు తాగేవే. శాన్ మార్కోలో మెట్ల మీద కూర్చుని పొట్లం విప్పితే మాత్రం జరిమానా.

బురానోకి 12వ నంబరు పడవ ఫొందమెంతె నోవె రేవు నుంచి, ముప్పావుగంట. అందరూ మొదట దారిలోని గాజు దీవి మురానోలో దిగుతారు. మీరు పొద్దున్నే నేరుగా బురానోకి పోయి, తిరుగుదారిలో మురానో చూడండి. సాయంత్రం బురానో రేవులో వరస రెండు పడవల దాకా సాగుతుంది. 1291లో అగ్ని భయంతో ఊరి గాజు కొలుములన్నిటినీ మురానోకి పంపేశారు. కొలుమి చూపిస్తాం, పడవ ఉచితం అని ఎవరైనా శాన్ మార్కో దగ్గర పిలిస్తే, పడవ దిగేది ఒక దుకాణంలో. బేరం పూర్తయ్యేదాకా తిరుగు పడవ మాట ఎత్తరు. మీ టికెట్ మీదే వెళ్లండి.