మా కాలనీ హోటళ్ల గురించి, పక్కింట్లో ఉండేవాళ్ల వైపు నుంచి

బయట్నుంచి వచ్చి తిని వెళ్లేవాళ్లు హోటల్‌కి స్టార్లు ఇస్తారు. అదే హోటల్ గురించి మా కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉండేవాళ్లని అడిగి చూడండి, బిర్యానీ ఎలా ఉందన్నది నాలుగో మాటగా వస్తుంది. ముందు బళ్లు ఎవరి గేటు ముందు పెడుతున్నారు, తర్వాత ఎగ్జాస్ట్ గొట్టం ఎవరి బాల్కనీ వైపు తిరిగి ఉంది, ఆపైన రాత్రి షట్టర్ ఎన్నింటికి దించుతారు. రోజూ మసాలా వాసన పీల్చేవాళ్లకి మసాలా మీద ప్రేమ ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి.

అందరూ ఒక్క మాట మీద ఉండేది కర్రీ పాయింట్ విషయంలోనే. సాయంత్రం ఆరున్నర దాటాక చూడాలి దాన్ని. పప్పు, సాంబారు, బెండకాయ వేపుడు, గోంగూర పచ్చడి వరసగా స్టీలు గిన్నెల్లో ఉంటాయి, కుర్రాడు కవరు నోరు ఒక్క ఊదుతో తెరిచి, గరిటెడు సాంబారు పోసి, మెలితిప్పి ముడేసి ఇస్తాడు, ఇంటికెళ్లేదాకా చుక్క కారదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లు, హాస్టల్ కుర్రాళ్లు, పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్లు అందరూ అదే లైన్లో నిలబడతారు. అన్నం ఇంట్లో, కూర బజార్లో. మా ఎదురింటి ఆంటీ మాత్రం "వాళ్ల పప్పులో పప్పెంతుందో వెతుక్కోవాలి నాన్నా" అంటుంది, అంటూనే ఆదివారం కంద పులుసు తెప్పించుకుంటుంది. స్టీలు క్యారేజీ పట్టుకెళ్తే అందులోనే పోస్తారు, కానీ పట్టుకెళ్లేవాళ్లు మా వీధిలో నేనూ, రిటైరైన లెక్కల మాస్టారూ తప్ప ఎవరూ లేరు.

మాస్టారి అనుమానమంతా నూనె మీద. మాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే పదేపదే కాచడం వల్ల తయారయ్యే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే ఇక వాడకూడదని రూలుంది, నిజమే, కానీ మిర్చిబజ్జీ బండి దగ్గర మీటరు పెట్టి చూసేదెవరు? నేనైతే నూనె రంగు చూస్తాను, మూకుడు అడుగు కనపడకపోతే ముందుకెళ్లిపోతాను.

షవర్మా సంగతి వేరే. 2024 అక్టోబరు చివర్లో, షవర్మాలో వేసే పచ్చిగుడ్డు మయోనైజ్‌ని తెలంగాణలో ఏడాది పాటు నిషేధించాక, సందు చివరి బండికి రాత్రికి రాత్రే 'ఎగ్‌లెస్' బోర్డు వచ్చింది. డబ్బా మాత్రం అదే. పిల్లలున్న ఇళ్లవాళ్లు అటు పంపడం మానేశారు, కుర్రాళ్లు మానలేదు.

ఇక మందు. మాకు పబ్బు లేదు, ఆ గొడవ జూబ్లీహిల్స్ వాళ్లది, అక్కడి కాలనీవాళ్లు హైకోర్టుకెళ్తే 2022లో రాత్రి పది దాటాక పబ్బుల్లో మ్యూజిక్ వద్దని ఆర్డరొచ్చింది. మాకున్నది వైన్స్, దాని వెనక పర్మిట్ రూము. పర్మిట్ రూము ఒక మూల, తాగేది మొత్తం రోడ్డు మీద. ఇళ్ల మధ్య రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి, మా మూలన ఆ టైముకి బైకుల హారన్లూ, అప్పులిచ్చిన లెక్కలూ, పాత స్నేహితుల ఏడుపులూ అన్నీ మా బెడ్రూంలోకే వినపడతాయి. డయల్ 100కి చేస్తే వస్తారు, పావుగంట ప్రశాంతంగా ఉంటుంది. అయినా ఆ వైన్స్ ఎత్తేయమంటే మా అసోసియేషన్‌లోనే సగం మంది నోరు మెదపరు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

నన్నడిగితే హోటళ్లు ఉండాల్సిందే, కాలనీలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లకి పొద్దున్నే ఇడ్లీ బండి లేకపోతే రోజే గడవదు. కాకపోతే లైసెన్సు ఇచ్చేముందు పక్క రెండిళ్లవాళ్లనైనా అడగాలి. ఇప్పుడు మా పక్క బ్లాకు సెల్లార్లో క్లౌడ్ కిచెన్ పెడతారట, పార్సిళ్లే కాబట్టి గొడవేం ఉండదని ఓనరు అంటున్నాడు. డెలివరీ బైకులు ఎక్కడ ఆపుతారో, గొట్టం ఎటు తిప్పుతారో ఆదివారం మీటింగులో అడుగుతాం.