ఓక్ అనుకుని నాటిన చెట్టు

2018 జూలైలో, రామమూర్తినగర్‌లో ఇల్లు కట్టుకున్న కొత్తలో, గేటు పక్కన ఒక చెట్టు ఉంటే బాగుంటుందనిపించింది. నర్సరీలో మోకాలెత్తు మొక్క చూపించి "సిల్వర్ ఓక్ సార్" అన్నారు. ఓక్ అనగానే మురిసిపోయి తెచ్చేసుకున్నాను. ఇది అసలు ఓక్ జాతే కాదని తర్వాత తెలిసింది. పుట్టిల్లు ఆస్ట్రేలియా, మకడామియా గింజలు కాసే చెట్టుకు చుట్టం. ఆకు ఫెర్న్ ఆకులా చీలికలు చీలికలుగా ఉంటుంది, తిరగేస్తే వెండి పూత పూసినట్టు మెరుస్తుంది. సరే, పేరుదేముంది.

మాది అనంతపురం వైపు సేద్యగాళ్ల ఇల్లు. మొక్కంటే ఎరువు వేయాల్సిందే. నాన్న ఊరి నుంచి తెచ్చిన డీఏపీ నెలకో గుప్పెడు మొక్క మొదలు దగ్గర చల్లాను. మూడో నెలకి ఆకులు పసుపెక్కాయి, అంచులు మాడాయి. బలం చాలలేదేమోనని ఇంకో గుప్పెడు వేశాను!

ఎదురింటి అంకుల్ చిక్కమగళూరులో ఒక కాఫీ ఎస్టేట్‌లో రైటరుగా, అంటే లెక్కలు రాసే గుమాస్తాగా, చేసి రిటైరయ్యారు. అక్కడ కాఫీకి నీడ ఇచ్చేది ఈ చెట్టేనట. ఒకరోజు గేటు దగ్గర ఆగి, "ఏమప్పా, దీన్ని వేరుశనగ చేను అనుకున్నావా?" అన్నారు. గొంతుక్కూర్చుని వేలితో పైమట్టి కాస్త పక్కకు జరిపారు. సీసాలు కడిగే బ్రష్‌లా సన్నటి వేర్ల కుచ్చులు కనిపించాయి. భాస్వరం అంతంతమాత్రంగా ఉండే నేలలో దాన్ని లాక్కోవడానికే అలాంటి వేర్లు పెడుతుందట. డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటుంది కదా, ఆ 46 భాస్వరానిదే. పస్తులకు అలవాటుపడ్డ ప్రాణానికి నేను రోజూ పెళ్లి భోజనం పెట్టానన్నమాట.

ఆ రోజే ఎరువు ఆపేశాను. పైమట్టి పలుచగా తీసేసి, రెండుమూడుసార్లు బాగా నీళ్లు పారించి, ఎండుటాకులు కప్పి వదిలేశాను. రెండు నెలలకు పచ్చటి చిగురు వచ్చింది. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని టెన్షన్.

చేసిన తప్పు ఇంకొకటుంది. చిన్నప్పుడే మొక్క రెండు తలలుగా చీలితే, ముద్దొచ్చి రెండూ ఉంచాను. దీని కొమ్మలు పెళుసు. ఒక మే నెల గాలివానకు ఒక తల విరిగి కాంపౌండ్ గోడ మీద పడింది. నాటేటప్పుడు గోడకు నాలుగడుగులే వదిలాను, అదీ నా తెలివే. అన్నట్టు, ఆ కొమ్మ ఎత్తిపోశాక నా చేతులు రెండు రోజులు దురద పెట్టాయి. కొందరికి దీని ఆకు, రసం పడవు. ఇప్పుడు గ్లౌజులు లేకుండా ముట్టుకోను.

అంకుల్ ఇచ్చిన మిరియాల తీగ మొదలుకు పాకించాను. ఎస్టేట్లలో ఈ చెట్టుకే పాకిస్తారట. పోయిన మార్చిలో మొదటిసారి నారింజ రంగు పూలు దువ్వెన పళ్లలా విచ్చుకున్నాయి, తేనెపిట్టలు దిగాయి. నాన్న వచ్చి చెట్టంతా తలెత్తి చూసి, కిందికి వంగి తీగకున్న మిరియాల గుత్తి పట్టుకుని, "దీనికైనా వేయొచ్చా డీఏపీ?" అన్నాడు.