నాన్న భుజం

ఈరోజు నాన్న కుడిచేయి పైకెత్తి పై అరలోని కాఫీపొడి డబ్బా అందుకున్నారు. ఆపరేషన్ అయిన ఐదు నెలలకి. నేను వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాను.

నాలుక కుడిపక్క మానని చిన్న పుండు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. స్కాన్‌లో మెడ శుభ్రంగానే ఉంది. అయినా డాక్టరుగారు మెడలోని లింఫ్ గ్రంథులు కూడా తీసేస్తామన్నారు. ఏమీ లేనిచోట కోత ఎందుకండీ అని అమ్మ గట్టిగానే అడిగింది. స్కాన్‌కి దొరకనంత చిన్నగా కణాలు అక్కడ చేరి ఉండొచ్చమ్మా, గడ్డ తేలేదాకా ఆగకూడదన్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టక వెతికి చదివాను. ముంబై టాటా మెమోరియల్ వాళ్ల అధ్యయనం, 2015లో వచ్చింది. తొలిదశ నోటి క్యాన్సర్‌లో ముందే గ్రంథులు తీయించుకున్నవాళ్లలో మూడేళ్లకి 80 శాతం మంది బతికున్నారు. ఆగి చూసినవాళ్లలో 67.5 శాతం. సంతకం పెట్టేశాం.

ఆపరేషన్ తర్వాతి రిపోర్టులో, తీసినవి 28 గ్రంథులు. ఒక్కదానిలో 2 మిల్లీమీటర్ల క్యాన్సర్. ఆ లైను ఎన్నిసార్లు చదివానో!

మెడలోంచి భుజానికి వెళ్లే నరాన్ని కాపాడారు కానీ చేయి లేచేది కాదు. చొక్కా అమ్మే తొడిగేది. ఫిజియోథెరపీలో చెప్పినట్టు నాన్న రోజూ గోడ మీద వేళ్లు పైకి పాకించి, అందినచోట పెన్సిల్‌తో గీత పెట్టేవారు. డబ్బా దించి, ఇప్పుడే ఇంకో గీత పెట్టి వచ్చారు.