కుంకుమ మళ్ళీ తిన్నగా ఈదుతోంది

గోల్డ్ ఫిష్ పొట్ట పైకి పెట్టి తేలిందంటే ఇక దాని పని అయిపోయిందనే చాలామంది అనుకుంటారు. అమ్మేవాళ్ళే అంటారు, ‘ఇంకోటి తీసుకెళ్ళండి మేడం, రేటెంతని’ అని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మూడేళ్ళకు పైగా మా ఇంట్లో తిరుగుతున్న ప్రాణి అది.

తిరుపతి బైరాగిపట్టెడలో మాది చిన్న ఇల్లు. హాల్లో నా కుట్టు మిషన్, దాని పక్కనే ట్యాంకు. మా గోల్డ్ ఫిష్ కుంకుమ ఒరాండా అనే గుండ్రటి రకం. ఒళ్ళంతా తెలుపు, నడినెత్తిన మాత్రం ఎర్రటి బుడిపె, అందుకే మా పాప ఆ పేరు పెట్టింది. నేను మిషన్ తొక్కుతుంటే అద్దం దగ్గరకొచ్చి నిలబడటం దానికి అలవాటు. ఎండలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున రాలేదు. చూస్తే ట్యాంకు మూలన తల కిందికి, తోక పైకి. కష్టపడి కిందికి ఈదుతుంది, రెక్కలు ఆపగానే బెండులా పైకొచ్చేస్తుంది. పొట్ట ఉబ్బింది కానీ పొలుసులు లేచి నిలబడలేదు. లేచుంటే అది లోపలి అవయవాలు దెబ్బతిన్న గుర్తు, చాలా కష్టమయ్యేది.

మా పిన్ని కొడుకు ఇక్కడి వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాడు. 1955 నుంచి ఊళ్ళో ఉన్న కాలేజీ. ఆవుల్ని, కుక్కల్ని అక్కడికి తీసుకెళ్ళేవాళ్ళను రోజూ చూస్తాం. వాడికి వీడియో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. ‘అక్కా, మందుల సంగతి తర్వాత. ముందు నీళ్ళు చూడు.’

అమ్మోనియా టెస్ట్ కిట్ తెచ్చి చూశాను. పసుపు రంగే ఉండాల్సిన చిన్న గాజు గొట్టంలో లేత ఆకుపచ్చ వచ్చింది, అంటే నీళ్ళలో అమ్మోనియా ఉన్నట్టే. చేప మొప్పల నుంచే అమ్మోనియా బయటికి వస్తుంది, ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా దాన్ని విషం తగ్గేలా మారుస్తూ ఉంటుంది. నీళ్ళు వేడెక్కినా, మన బోరు నీళ్ళలా క్షారం ఎక్కువున్నా అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. పైగా వేడి నీళ్ళలో ఆక్సిజన్ నిలిచేది తక్కువ. తిరుపతి ఎండల్లో ఈ రెండు కష్టాలూ ఒకేసారి వస్తాయి. నాలుగో వంతు నీళ్ళు తీసేసి, యాంటీ క్లోరిన్ కలిపి డ్రమ్ములో ఉంచిన నీళ్ళు నిదానంగా పోశాను. మొత్తం ఒకేసారి మార్చకూడదు, ఆ తేడానే చేప తట్టుకోలేదు. ట్యాంకులో నీటి మట్టం కూడా తగ్గించాను, పైకీ కిందికీ ఈదలేక అలిసిపోతోందని. అయోడిన్ లేని కల్లుప్పు లీటరుకు ఒక గ్రాము లెక్కన కరిగించి పోశాను. ఉప్పు తేలడాన్ని ఆపదు. చేప ఒంట్లోకి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి కదా, వాటిని బయటికి తోసే శ్రమ కాస్త తగ్గుతుంది.

గోల్డ్ ఫిష్ ఒంట్లో దాన్ని తేల్చే గాలి సంచి ఉంటుంది, అది గొంతు వైపు గొట్టానికి కలిసి ఉంటుంది. ఒరాండాలాంటి గుండ్రటి రకాల్లో ఒళ్ళు కురచ, లోపల అన్నీ ఇరుకే. పేగు బిగిసినా, పైన తేలే మేత గింజల కోసం గాలి మింగినా ఆ సంచి సరిగ్గా పనిచేయదు. అందుకే రెండు మూడు రోజులు మేత పూర్తిగా ఆపమన్నాడు తమ్ముడు. అది అద్దం దగ్గర నోరు తెరిచి మూస్తుంటే పెట్టకుండా ఉండటం ఎంత కష్టమో!

ఆ తర్వాత పచ్చి బఠాణీ. మెత్తగా ఉడికించి, తొక్క తీసి, లోపలి పప్పును వేళ్ళతో నలిపి ఆవగింజంత ముక్కలు చేశాను. ముక్కును తాకేలా పట్టుకుంటే లాక్కుంది, ఉమ్మేసింది, మళ్ళీ లాక్కుంది. గోల్డ్ ఫిష్‌కి పళ్ళు గొంతులో ఉంటాయి. నమిలేటప్పుడు దవడ కింద చిన్నగా కదులుతుంది, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఆ కదలిక కనిపించాక నాకు టెన్షన్ కొంచెం దిగింది. సాయంత్రానికి పచ్చగా పొడుగాటి రెట్ట వేసింది. ఇంట్లో పండగే!

మధ్యలో ఒక షాపులో నీలం మందు చేతిలో పెట్టారు, ఏ జబ్బుకైనా ఇదేనట. బూజుకు మంచిదే. కానీ ట్యాంకులో పోస్తే ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది, అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. వద్దని వచ్చేశాను. జబ్బేంటో అడక్కుండా మందు ఇవ్వడం చేపకైనా తప్పే.

మా అవ్వ చెప్పిన మందు వేరు. ‘నాగలాపురం వేదనారాయణ స్వామికి మొక్కుకో మా, ఆయన మత్స్యావతారం కదా!’ అంది. మొక్కుకున్నాను. వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాం కూడా.

కుంకుమ ఇప్పుడు తిన్నగానే ఈదుతోంది. ఎక్కువ తిన్న రోజు మాత్రం కొంచెం పక్కకు ఒరుగుతుంది, అది దాని ఒళ్ళు తీరు. తేలే గింజలు మానేశాం. మునిగేవి కాసేపు నానబెట్టి వేస్తున్నాను, వారానికోసారి బఠాణీ. బాగా చూసుకుంటే గోల్డ్ ఫిష్ పదేళ్ళు దాటి బతుకుతుంది కాబట్టి ఈ ట్యాంకు చాలదు, మూడడుగులది తీసుకుంటున్నాం. ఎక్కడ పెడతామని మా ఆయన అడిగారు. మిషన్‌ని కిటికీ పక్కకు జరుపుతున్నాను.