తంబుచెట్టి వీధి దాకా

పన్నెండేళ్లుగా బీకామ్ పిల్లలకి మార్కెటింగ్ చెబుతున్నాను. మొదటి యూనిట్‌లోనే ఒక పట్టిక వస్తుంది. ముందు ఉత్పత్తి యుగం, తర్వాత అమ్మకాల యుగం, 1950ల నుంచి మార్కెటింగ్ యుగం. అంటే అంతకుముందు వ్యాపారికి సరుకు తయారు చేసుకోవడం, దాన్ని ఎలాగోలా వదిలించుకోవడం తప్ప, కొనేవాళ్లకి ఏం కావాలో పట్టలేదని అర్థం. ఏటా బోర్డు మీద మూడు గళ్లు గీసి రాసుకోమనేదాన్ని. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కాబట్టి పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు. ఇది నిజమేనా అని వాళ్లూ అడగలేదు, నేనూ అడగలేదు.

కిందటేడు పీహెచ్‌డీ కోసం చదువుతుంటే స్టాన్లీ హాలండర్ రాతలు కంటపడ్డాయి. 1919లో పుట్టి 2004లో పోయిన ఈయన అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో దశాబ్దాల పాటు ప్రొఫెసర్. మార్కెటింగ్ డిపార్ట్‌మెంట్లలో అందరూ రేపటి అమ్మకాల గురించి లెక్కలు వేస్తుంటే, ఈయన నిన్నటి దుకాణాల గురించి కూర్చుని రాశారు. నా బోర్డు మీది పట్టిక ఎక్కడిదో నాకు తెలిసింది అప్పుడే. పిల్స్‌బరీ అనే పిండి కంపెనీలో పెద్ద ఉద్యోగి రాబర్ట్ కీత్ 1960లో ఒక వ్యాసం రాశారు. 1869లో మొదలైన తమ కంపెనీ ఏయే దశలు దాటి వచ్చిందో అందులో చెప్పారు. అంతే. ఒక పిండి మరల కథని మొత్తం ప్రపంచం కథ చేసేశాయి పాఠ్యపుస్తకాలు. కొనేవాళ్లకి ఏం కావాలో చూడడంలో కొత్త ఏముంది, ఇది పాత సంగతే కదా అని 1986లో హాలండర్ రాశారు. రెండేళ్లకి రొనాల్డ్ ఫుల్లర్టన్ అనే ఇంకో చరిత్రకారుడు బ్రిటన్, జర్మనీ, అమెరికాల నుంచి ఆధారాలు తెచ్చి, వందేళ్ల ముందే అక్కడి వ్యాపారులు గిరాకీ పెంచడానికి ఎంత తంటాలు పడ్డారో చూపించారు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పన్నెండు బ్యాచ్‌లకి తప్పు చెప్పాను. సరే, బ్రిటన్, జర్మనీ అయ్యాయి, మరి మన సంగతి? అప్పుడు గుర్తొచ్చింది మా వంటింటి గూట్లో ఎప్పుడూ ఉండే పసుపుపచ్చ అమృతాంజనం సీసా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి బయల్దేరి, కలకత్తాలోనూ బొంబాయిలోనూ ఉద్యోగాలు చేసి, 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన మందు అది. 1893! నా పట్టిక ప్రకారం ఆయనకి మార్కెటింగ్ తెలియడానికి ఇంకా అరవై ఏళ్లు ఆగాలి.

పంతులుగారు తర్వాత చేరింది మద్రాసే కాబట్టి అక్కడున్న బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన ముప్పై ఏళ్లు మద్రాసులో ఒక సబ్బుల కంపెనీకి సేల్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. "డిసెంబర్లో రా అమ్మాయ్, ఎండ ఉండదు, కచేరీల సీజను కూడా. సరుకమ్ముకుంటూ తిరిగిన నా పాత బీటంతా నడిపిస్తాను" అన్నారు. క్రిస్మస్ సెలవుల్లో పొద్దున్నే విజయవాడలో పినాకిని ఎక్కి మధ్యాహ్నానికల్లా సెంట్రల్‌లో దిగాను. పిన్ని పెట్టిన భోజనం చేసి, ఆ సాయంత్రమే జార్జ్‌టౌన్‌కి బయల్దేరాం.

తంబుచెట్టి వీధి నేను ఊహించుకున్నంత పెద్దది కాదు. హైకోర్టు దగ్గర కాబట్టి లాయర్ల బోర్డులు, వాటి కింద కొరియర్ మూటలు, మధ్యలో కాళికాంబాళ్ గుడి ముందు పూలబుట్టలు. పంతులుగారి ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసు వచ్చి దినపత్రిక అయింది. ఈ వీధే దాని చిరునామా. ఆయనే పెట్టిన ఆంధ్ర గ్రంథమాల పుస్తకాల అట్టల మీద నేను చిన్నప్పటి నుంచి చూసిన వీధి పేరు ఇదే. పాత నంబరు చెప్పి నలుగురిని అడిగాం. ఈ ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక పాత నంబరు, ఒక కొత్త నంబరు. ఇదేనని గట్టిగా చెప్పేవాళ్లు దొరకలేదు. నేను నీరుగారిపోవడం చూసి బాబాయ్ గుడి పక్కన టీ కొట్టు బెంచీ మీద కూర్చోబెట్టారు.

పంతులుగారు తొలిరోజుల్లో సంగీత కచేరీల్లో అమృతాంజనం ఉచితంగా పంచేవారని అందరూ చెప్పుకుంటారు. ఇది నేను పిల్లలకి శాంపిలింగ్‌కి ఉదాహరణగా చెబుదామనుకుంటున్నాను అన్నాను. బాబాయ్ చొక్కా జేబులోంచి చిన్న సీసా తీశారు. మూత తిప్పి, వేలి కొసతో ఇంత తీసుకుని కణతలకి రాసుకున్నారు. క్షణంలో ఆ ఘాటు నా దాకా వచ్చింది. బెంచీ ఆ చివర కూర్చున్న పెద్దాయన తల తిప్పి చూశారు.

"చూశావా? సబ్బు శాంపిల్ ఇస్తే ఇంటికెళ్లి రుద్దుకుంటే గానీ తెలీదు. దీనికి అట్లా కాదు. కచేరీలో ఒకడు రాసుకుంటే నాలుగు వరసల వాళ్లకి తెలుస్తుంది. పైగా అక్కడ మూడు గంటలు కదలకుండా కూర్చుంటారు, మెడనొప్పి, తలనొప్పి ఎట్లాగూ వస్తాయి. ఎవరికి ఇవ్వాలో, ఎక్కడ ఇవ్వాలో తెలిసి ఇచ్చాడాయన."

పన్నెండేళ్లలో నేను ఒక్కసారి కూడా అంత శుభ్రంగా చెప్పలేదు. మందుకి తగ్గ చోటు, చోటుకి తగ్గ మనిషి. ఆ తర్వాత ఆయన పత్రికలు పెట్టారు, 1924లో భారతి మాసపత్రిక కూడా పెట్టారు. మందు మీద వచ్చిన డబ్బు తెలుగు అచ్చుకి పోయింది, ఆ అచ్చు మళ్లీ మందు పేరుని పల్లెపల్లెకీ మోసింది. ఇవి రెండూ వేరు వేరు కథలుగానే మనం చెప్పుకుంటాం, దేశోద్ధారకుడి కథ ఒకటి, తలనొప్పి మందు కథ ఒకటి. నాకైతే రెండూ కలిపి చెబితేనే ఆ మనిషి పూర్తిగా కనిపిస్తారనిపిస్తుంది.

మర్నాడు బాబాయ్ బీటు. గోడౌన్ వీధిలో అన్నీ బట్టలు, ఆండర్సన్ వీధిలో కాగితాలు, శుభలేఖలు, దేవరాజ ముదలి వీధిలో అద్దాలు, కాశీచెట్టి వీధిలో ఫ్యాన్సీ సామాన్లు. వీధికొక సరుకు. హాలండర్ 1966లో రిటైల్ అకార్డియన్ గురించి రాశారు. హార్మోనియం తిత్తిలాగా అన్నమాట: కొంతకాలం అన్నీ అమ్మే పెద్ద కొట్లు వస్తాయి, తర్వాత ఒకే సరుకు అమ్మేవి బలపడతాయి, మళ్లీ అన్నీ అమ్మేవి. ఆ మాట చెప్తే బాబాయ్ కాసేపు ఆలోచించి, "ఇక్కడ తిత్తి ఎప్పుడూ మూసే ఉంటుంది. పెళ్లి పెట్టుకున్నవాడు ఆండర్సన్ వీధికి రాకుండా ఎక్కడికి పోతాడు? పక్కపక్కనే యాభై కొట్లు ఉంటేనే బేరం" అన్నారు. హాలండర్ ఉంటే ఈ మాట రాసుకునేవారు. ఆయన పద్ధతే అది. సిద్ధాంతం ఎంత అందంగా ఉన్నా, ఎక్కడ కుదరలేదో వెతికేవారు.

దానికి మంచి ఉదాహరణ మౌంట్ రోడ్డులో దొరికింది. హార్వర్డ్ ప్రొఫెసర్ మాల్కమ్ మెక్‌నెయిర్ 1958లో ఒక మాటన్నారు: కొత్త రకం దుకాణం ఎప్పుడూ చవకగా, హంగు లేకుండా మొదలవుతుంది. క్రమంగా సోకులు పెరుగుతాయి, ఖర్చులు పెరుగుతాయి, ధరలు పెరుగుతాయి. అప్పుడు కింద నుంచి ఇంకో చవక దుకాణం వచ్చి దాన్ని కొడుతుంది. బండి చక్రంలా తిరుగుతుంది. టి.నగర్ రంగనాథన్ వీధిలో నిలబడితే ఇది కళ్లకు కనిపిస్తుంది. చవక బేరానికి పేరుపడ్డ కొట్లు అంతస్తుల మీద అంతస్తులు వేసి, ఏసీలు పెట్టి, నగల కౌంటర్లు తెరిచాయి. వాటి గుమ్మాల ముందే పేవ్‌మెంటు మీద కొత్త చవక కొట్లు పుట్టాయి. ఈ చక్రాన్ని 1960లో హాలండర్ పరీక్షకి పెట్టారు. చాలాచోట్ల నిజమే అన్నారు, కానీ అన్నిచోట్లా కాదన్నారు. పేద దేశాల్లో సూపర్‌మార్కెట్ లాంటి కొత్త దుకాణాలు కింద నుంచి రాలేదు, డబ్బున్నవాళ్ల కోసం పై నుంచి దిగాయని ఆ వ్యాసంలోనే రాశారు.

స్పెన్సర్ ప్లాజా ముందు నిలబడి ఆ వాక్యం గుర్తు చేసుకున్నాను. దొరలకీ దొరసానులకీ సరుకులమ్మిన స్పెన్సర్స్ ఉన్న స్థలం ఇది. పాత ఎర్ర భవనం కాలిపోయింది, 1990లలో మాల్ వచ్చింది. లోపలికి వెళితే కొన్ని షట్టర్లు దించి ఉన్నాయి, తెరిచిన చిన్న కొట్లలో హస్తకళల బొమ్మలు, శాలువాలు, సెల్‌ఫోన్ కవర్లు. ఒక కుర్రాడు రండక్కా అని పిలిచి నూట యాభై చెప్పిన కవరు ఎనభైకి ఇచ్చాడు. పై నుంచి దిగినది మన నేల మీద ఇలా అందరిదీ అయింది. మెక్‌నెయిర్ చక్రం ఇక్కడ వెనక్కి తిరిగిందని నేను అంటాను. దీని మీద ఒక వ్యాసం రాయాలని అక్కడే నిశ్చయించుకున్నాను.

మూడో రోజు తరమణిలో రోజా ముత్తయ్య గ్రంథాలయం. కోట్టయ్యూర్‌కి చెందిన రోజా ముత్తయ్య చెట్టియార్ మొదట సైన్‌బోర్డులు రాసే కళాకారుడు. పుస్తకాలతో పాటు నాటకాల నోటీసులు, శుభలేఖలు, ప్రకటనలు, మనం చూసి పారేసేవన్నీ దాచారు. ఆయన పోయాక షికాగో యూనివర్సిటీ ఆ సేకరణని కొని ఈ ఊరికి చేర్చింది, 1994లో గ్రంథాలయం మొదలైంది. చల్లటి గది, తెల్లటి బల్ల. నా ముందు పెట్టిన పాత పత్రిక అంచులు మరమరాల్లా పొడి రాలుతున్నాయి, రెండు చేతులతో తిప్పాల్సి వచ్చింది. ఎక్కువ తమిళమే, నాకు చదవడం రాదు. కానీ ప్రకటన చదవడానికి భాష అంతగా అవసరం లేదు. సీసా బొమ్మ, దాన్ని పట్టుకున్న ఆడమనిషి చెయ్యి, చేతికి గాజులు ఎన్ని ఉన్నాయో చూస్తే ఎవరికి అమ్ముతున్నారో తెలిసిపోతుంది.

అప్పుడు కేసరిగారు జ్ఞాపకం వచ్చారు. బీదతనంలో చిన్నప్పుడే మద్రాసు చేరి, ఆయుర్వేదం నేర్చుకుని, ఆడవాళ్ల ఆరోగ్యానికి లోధ్ర అనే మందు తయారుచేసి అమ్మిన డాక్టర్ కె.ఎన్. కేసరి. 1928లో ఆడవాళ్ల కోసమే గృహలక్ష్మి పత్రిక పెట్టారు, రచయిత్రులకి స్వర్ణకంకణం ఇచ్చారు. పెప్సీ కంపెనీ కనిపెట్టిందనుకున్న కుర్రకారు మార్కెట్ అంతకుముందే ఉందని హాలండర్, రిచర్డ్ జెర్మైన్ కలిసి 1992లో ఒక పుస్తకమే రాశారు. మన దగ్గర ఇల్లాలిని విడిగా ఒక పాఠకురాలిగా, విడిగా ఒక కొనుగోలుదారుగా చూసిన కేసరిగారి మీద అలాంటి పుస్తకం ఎవరు రాస్తారు?

హాలండర్ చేసిన పెద్ద పని నా దృష్టిలో ఆయన వ్యాసాలు కూడా కాదు. 1983లో మిషిగన్ స్టేట్‌లో మార్కెటింగ్ చరిత్ర మీద పనిచేసే కొద్దిమందిని ఒకచోట కూర్చోబెట్టారు. ఆ సమావేశం రెండేళ్లకోసారి జరిగే ఆనవాయితీ అయింది. ఒంటరిగా పాత కాగితాలు తిరగేసే మనిషికి ఇంకో నలుగురున్నారని తెలియడం ఎంత బలమో, ఆ చల్లటి గదిలో ఒక్కదాన్నీ కూర్చున్నప్పుడు నాకు తెలిసింది.

ఆ సాయంత్రం మైలాపూరులోని లజ్. నాగేశ్వరరావు పార్కులో వాకింగ్ చేసేవాళ్ల మధ్య ఒక చుట్టు తిరిగాం. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందం చేసుకున్న శ్రీబాగ్, పంతులుగారి ఇల్లు, ఈ లజ్‌లోదే. తర్వాత ఒక సంగీత సభలో కచేరీకి వెళ్లాం. గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న అమ్మాయి వచ్చినవాళ్లందరి చేతుల్లో ఒక చిన్న కాఫీపొడి ప్యాకెట్టు పెడుతోంది. బాబాయ్ నా మోచేయి తట్టారు. నేను ప్యాకెట్టు చింపకుండా డైరీలో పెట్టుకుని, వెనక పెన్సిలుతో తేదీ వేశాను.

ఆ రాత్రి పిన్ని అటక మీద నుంచి అట్టపెట్టె దింపించింది. సంక్రాంతికి ముందు పాతసామాన్ల వాడికి వేసేద్దామని తీసిందట. అందులో బాబాయ్ ఆర్డరు పుస్తకాలు, పంతొమ్మిది. ఏ వీధి, ఏ కొట్టు, ఎన్ని డజన్లు, ఏ స్కీము, ఎవరు బాకీ, అన్నీ కార్బన్ కాపీలతో సహా.

"ఇవెందుకు అమ్మాయ్, చెదలు" అన్నారు బాబాయ్.

"నాకివ్వండి బాబాయ్" అన్నాను.

తిరుగు పినాకినిలో గూడూరు దాటాక మొదటి పుస్తకం తెరిచాను. నీలం ఇంకు కార్బన్ అచ్చు వెలిసిపోయింది గానీ అక్షరాలు తెలుస్తున్నాయి. 1981, గోవిందప్ప నాయకన్ వీధి, ఒక కొట్టు పేరు, కింద బాబాయ్ దస్తూరీలో: "పెద్ద బిళ్ల వద్దంటున్నాడు. కూలివాళ్లు చిన్నదే అడుగుతున్నారట. ఆఫీసుకి చెప్పాలి."

పక్క పేజీలో ఆయన ఆఫీసుకి రాసిన ఉత్తరం నకలు ఉంది. నెల్లూరు వచ్చేదాకా అదే చదువుతూ కూర్చున్నాను.