గునుగు పూల వాలు, ఆకాశంలో 0.3 డిగ్రీ

బతుకమ్మ పేర్చే సిబ్బిలో గునుగు కాడలన్నీ నడిమికి చూసేటట్టు పేరిస్తే అద్దంలోనూ అట్లనే కనబడతయి. వాటినే 45 డిగ్రీలు ఒక పక్కకు వాల్చి పేరిస్తే అద్దంలో వాలు రెండో పక్కకు మారుతుంది. విశ్వం తొలినాళ్ల నుంచి వస్తున్న కాంతి, అంటే విశ్వ సూక్ష్మతరంగ నేపథ్యం, దాని ధ్రువణంలో మొదటిది ఈ-మోడ్, రెండోది బీ-మోడ్. బీ కనబడినంత మాత్రాన కుడిఎడమల భేదం ఉన్నట్టు కాదు. రెండు వాలులూ సమంగా ఉంటే ఈ, బీల గుణకారం సగటు (ఈబీ) సున్నా. అది సున్నా కాకపోతేనే అసలు ముచ్చట.

దారిలో ఆ కాంతి ధ్రువణ తలం బీటా కోణం తిరిగితే ఈబీ = ½ × సైన్(4బీటా) × (ఈఈ − బీబీ). ఈఈ, బీబీ అంటే ఈని ఈతో, బీని బీతో గుణించిన సగటులు. బీటా 0.3 డిగ్రీలైతే ఈబీ, ఈఈలో సుమారు ఒక శాతం. కానీ డిటెక్టర్ కోణం ఆల్ఫా అంత తప్పినా అచ్చం ఇదే వస్తుంది. ఈ కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహంలో ఆ కోణం అనిశ్చితే దాదాపు 0.28 డిగ్రీలు!

2020లో మినామి, కొమాత్సు అనే శాస్త్రవేత్తలు ఈ ఆల్ఫా, బీటాలను అందంగా విడదీశారు. పాలపుంత ధూళి వెలుగు దగ్గరి నుంచే వస్తుంది కాబట్టి దానికి ఆల్ఫా ఒక్కటే, నేపథ్య కాంతికి ఆల్ఫా+బీటా. వచ్చిన బీటా విలువ 0.35±0.14 డిగ్రీలు. 2022లో డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహ డేటానూ కలిపితే 0.34, అంటే సున్నా నుంచి 3.6 సిగ్మా (అనిశ్చితికి 3.6 రెట్లు) దూరం.

హన్మకొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా చెయ్యదలిస్తే ప్లాంక్ మ్యాపులు అందరికీ తెరిచే ఉన్నయి. మ్యాపు సూక్ష్మతను చెప్పే సంఖ్య ఎన్‌సైడ్. అది 2048 అంటే 5.03 కోట్ల పిక్సెళ్లు. ఐ (తీవ్రత), క్యూ, యూ (ధ్రువణం) మూడూ డబుల్ ప్రెసిషన్‌లో ఒక్కో మ్యాపుకు 1.2 జీబీ. మామూలు ల్యాప్‌టాప్‌లో 512తో మొదలుపెట్టండి. తగ్గించేటప్పుడు క్యూ, యూ పిక్సెళ్ల సగటు తియ్యకండి, ఈ కొంత బీలోకి కారుతుంది. ఏఎల్ఎమ్‌ల (గోళీయ హార్మోనిక్ గుణకాల) మీదుగా తగ్గించాలి. పాలపుంత భాగాన్ని కప్పే మాస్క్ అంచులు నున్నగా దిగాలి, లేకుంటే అక్కడా ఇదే గతి. వేర్వేరు డిటెక్టర్ సెట్లను ఒకదానితో ఒకటి గుణించే క్రాస్ స్పెక్ట్రాలే వాడండి, ఒకే సెట్టును దానితోనే గుణించే ఆటో స్పెక్ట్రాలో నాయిస్ దూరుతుంది.

అన్నిటికన్నా ముందు మ్యాపు ఫైలు హెడర్‌లో పోల్‌సీకన్వ్ (POLCCONV) చూడండి. ధ్రువణ కోణం కొలిచే కాస్మో, ఐఏయూ పద్ధతుల్లో యూ గుర్తు తిరగబడుతుంది, దాంతో బీటా గుర్తూ తిరగబడుతుంది. అసలు డేటా ముట్టకముందే సిమ్యులేషన్‌లో క్యూ, యూలను 2బీటా తిప్పి, పెట్టిన 0.3 తిరిగొస్తుందా చూసుకోవాలె.

ఇంత చేసినా మిగిలే పెద్ద అనుమానం ధూళిదే. ధూళి తంతువులు అయస్కాంత క్షేత్రానికి కొద్దిగా పక్కకు వాలి ఉంటే ధూళికే సొంత ఈబీ ఉంటుంది. పాలపుంత మాస్క్‌ను అంచెలంచెలుగా పెంచుతూ బీటాను మళ్లీ కొలవండి. ప్లాంక్ చివరి మ్యాపుల్లో, ధూళి ఈబీని లెక్కలోకి తీసుకోనప్పుడు, మాస్క్ పెరిగిన కొద్దీ విలువ తగ్గింది.